ఇరవై ఏడో ఫోటో

కొత్త ఫోటోలకు ఒక వాసన ఉంటుంది.

పుల్లగా, ముక్కు చురుక్కుమనేలా... స్టూడియో చీకటిగదిలోని మందునీళ్ళ వాసన. బర్నబాకు ఆ వాసనంటే పిచ్చి. కవరు చేతికి రాగానే ముందు ముక్కుకు ఆనించుకుంటాడు.

పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో ఫిట్టరు. ఆరు రోజులు మిషన్ల మధ్య. ఏడో రోజు కెమెరాతో.

చర్చి విడవగానే భార్య గ్రేసునూ, పాపనూ స్కూటరెక్కించుకుంటాడు. ఒక ఆదివారం మంజీర డ్యాము. ఒక ఆదివారం మెదక్ చర్చి. ఎటూ వెళ్ళని ఆదివారం — ఇంటి ముందు ఆరేసిన చీరలు, వాటి మధ్య పాప.

తీసిన ప్రతి ఫోటోనూ చిన్న పుస్తకంలో రాసుకుంటాడు.

ఆ శనివారం గ్రేసు సంగారెడ్డి అంగడి నుంచి వస్తూ, స్టూడియోలో ఆగి కవరు తెచ్చింది. పుస్తకంలో ముప్పై ఆరు. కవరులో ముప్పై ఐదు.

మళ్ళీ చూశాడు. ఇరవై ఏడోది లేదు.

నెగెటివ్ పట్టీని కిటికీ వెలుతురుకు పెట్టాడు. ఆ ఒక్కటీ అక్కడా లేదు. కత్తెరతో కోసిన అంచు... వంకరగా.

ఇరవై ఏడోది కంపెనీ వెనక వాగు. డ్యాము నుంచి తిరిగొస్తూ ఆగి తీశాడు. సాయంత్రపు ఎండలో నురగంతా పత్తిచేను విచ్చుకున్నట్టుంది. బాగుంది — తీశాడు. అంతే. ఆ నీళ్ళు తాగి గొడ్లు చచ్చాయని పక్క ఊరి రైతులు కంపెనీ మీద కేసు వేశారన్న సంగతి, అప్పుడు గుర్తే రాలేదు.

ఇప్పుడు గుర్తొచ్చింది.

సోమవారం గేటు దగ్గర సూపర్‌వైజరు నవ్వాడు.

"ఏం బర్నబా, ఫోటోలు మస్తు తీస్తున్నవంట!"

అంట.

ఎవరన్నారంట?

రోజంతా ఆ మాటే. చాయ్ తాగుతుంటే ఎవరో మాట ఆపినట్టుంది. వాచ్‌మన్ కళ్ళు వీపు మీదే ఉన్నట్టున్నాయి. ఎటు తిరిగినా ఆలోచన ఒక్కడి దగ్గరికే వెళుతోంది — మొగులయ్య. సంగారెడ్డి స్టూడియో అతనిది. బర్నబాకు కెమెరా పట్టడం నేర్పింది అతనే. చీకటిగది అతనిది. కత్తెరా అతనిదే.

బుధవారం డ్యూటీ దిగి నేరుగా స్టూడియోకే వెళ్ళాడు. లోపల ఒక కొత్త జంట ఫోటో కోసం సర్దుకొని కూర్చుంది.

"ఎవలికిచ్చినవన్నా నా ఫోటో?"

"ఏ ఫోటో తమ్మీ?"

"ఎరుకలేనట్టు మాట్లాడకు. కంపెనోళ్ళకా? కేసు ఏసినోళ్ళకా?"

పెళ్ళికూతురు తల దించుకుంది. మొగులయ్య పెద్ద దీపాలు ఒక్కొక్కటే ఆర్పాడు.

"ముప్పై ఆరు కడిగిన. ముప్పై ఆరు కవర్ల పెట్టిన. ఇగ పో."

ఇంటికొచ్చి జరిగింది చెప్పాడు. బియ్యం కడుగుతున్న గ్రేసు చేయి ఆగిపోయింది.

"అయ్యో... ఆయన్నెందుకన్నవ్? నేనే కోసిన."

బర్నబా టిఫిను డబ్బా కింద పెట్టాడు.

"నువ్వు వాగు కాడ కెమెరా ఎత్తంగనే వాచ్‌మన్ సూసిండు. వాడు సూసుడు నేను సూసిన. నౌకరి పోతే పాపను పట్టుకొని ఏడికి పోదాం?"

"నాకు చెప్పొద్దా?"

"చెప్తే ఇస్తుంటివా? దాచుకుంటుంటివి."

నిజమే. దాచుకునేవాడే.

"ఏది మరి?"

"పొయ్యిల ఏసిన. ఫోటో, నెగెటివు... రెండూ."

ఆమె మళ్ళీ బియ్యం కడగసాగింది. బర్నబా ఆ చేతులనే చూస్తూ నిలబడ్డాడు. ఎన్ని ఫోటోల్లో తీశాడు ఆ చేతుల్ని...

పొయ్యిలో వేసిందా?

నిజంగానే వేసిందా?

మర్నాడు వెళ్ళి మొగులయ్య చేతులు పట్టుకున్నాడు. "తప్పయింది అన్నా." మొగులయ్య కాదనలేదు. చాయ్ తెప్పించాడు. ఇద్దరూ తాగారు. కంపెనీలో మళ్ళీ ఎవరూ ఏమీ అనలేదు. నౌకరి నిలిచింది.

నెల తర్వాత ఇంకో రీలు.

ఈసారి మొగులయ్య కవరు చేతికివ్వలేదు. బల్ల మీద ఫోటోలు పరిచాడు. ఒక్కొక్కటే, వేలు ఆనించి.

"ఒకటి... రెండు... మూడు..."

పాప నవ్వు. గ్రేసు కొంగు. గాలికి ఊగే జొన్న చేను.

"ముప్పై ఆరు. సూస్కోండ్రి సార్, అన్నీ ఉన్నయా?"

"ఊకో అన్నా... నేను సూడాల్నా?" అన్నాడు బర్నబా.

కళ్ళు మాత్రం అప్పటికే ఇరవై దాటి లెక్కపెడుతున్నాయి...