రూతు చెప్పవలసిన సాక్ష్యం

మా అమ్మాయి రూతుకు ఆ ఏడాది ఆగస్టులో మొదటి కాన్పు. మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలంటారు. పుట్టిల్లంటే కడియంలో రెండు గదుల ఇల్లు, అందులో నేను. మా ఆవిడ పోయి అప్పటికి నాలుగేళ్లు. హైస్కూల్లో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పాను గానీ, బాలింతకు ఏం వండి పెట్టాలో, చంటిబిడ్డ మెడ ఎలా పట్టుకోవాలో నాకెవరూ చెప్పలేదు. నర్సరీలో మొక్కలకు నీళ్లు పోసే రత్నమాణిక్యం రోజూ పనికి వెళ్తూ దారిలో మా ఇంటి దగ్గర ఆగేది. పెరట్లో కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్ల మీద బోర్లా వేసుకుని స్నానం చేయించి వెళ్లేది.

"బిడ్డకి నీళ్లోయడానికి సైన్సు అక్కర్లేదండి మాస్టారూ. మోకాళ్లుంటే చాలు," అనేది.

బిడ్డకు మూడు వారాలు వచ్చేసరికి రూతు నిద్రపోవడం మానేసింది. పాలిచ్చి పక్కన పడుకోబెట్టి, గోడవైపు తిరిగి కళ్లు తెరిచే ఉండేది. తల దువ్వుకోమంటే దువ్వెన చేత్తో పట్టుకుని అలాగే కూర్చునేది. ఒకనాడు, "దేవుడు నా మీంచి ముఖం తిప్పేసుకున్నాడు నాన్నా. ఇది రోగం కాదు, శాపం. పిల్లకి కూడా తగులుతుంది," అంది. ఆ తర్వాత వారానికి, మిట్టమధ్యాహ్నం, బిడ్డను చాప మీద వదిలేసి కాలువ రేవులోకి దిగి నడుంలోతు నీళ్లలో నిలబడింది. రత్నమాణిక్యం చూసి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. తడిచీరతో గుమ్మంలో నిలబడ్డ కూతుర్ని చూసి నేను చేసిన మొదటి పని, ఎవరైనా చూశారేమోనని వీధివైపు చూడటం. ఆ మాట రాయడానికి నాకిప్పటికీ సిగ్గుగానే ఉంది.

మా లూథరన్ సంఘంలో స్త్రీల సమాజానికి సత్యకుమారి గారు పెద్ద. హాస్టల్ వార్డెనుగా చేసి రిటైరయిన మనిషి. ఆవిడ మాటంటే నలభైమంది ఆడపిల్లలు లేచి నిలబడిన రోజులు ఇంకా ఆవిడ గొంతులో ఉన్నాయి. రూతు నిద్రపోవడం లేదని విని ఆవిడే పదిమందిని కూడగట్టి మా ఇంట్లో మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థనలు పెట్టించారు. మూడో శుక్రవారం ప్రార్థనయ్యాక రూతు డాక్టరు దగ్గరికి రావడానికి ఒప్పుకుంది.

మనసు జబ్బులకు రాజమండ్రిలోనే డాక్టర్లున్నారు. గంటలో వెళ్లిరావచ్చు. కానీ అక్కడి ఆసుపత్రి వరండాలో తెలిసినవాళ్లు కనబడతారని పాసింజరు ఎక్కించి కాకినాడ తీసుకెళ్లాను. సామర్లకోటలో రైల్వే ఉద్యోగం చేస్తున్న మా అల్లుడు కిరణ్ కుమార్, స్టేషన్లో మా పెట్టె ఎక్కి మాతో వచ్చాడు. దారి పొడుగునా బిడ్డను వాడే ఎత్తుకున్నాడు.

డాక్టరు సూర్యకళ గారు రూతుతో చాలాసేపు మాట్లాడాక నన్ను లోపలికి పిలిచారు. "కాన్పు తర్వాత కొంతమందికి వస్తుందండీ ఇది. శాపమూ కాదు, గాలీ కాదు. తగ్గుతుంది. పాలివ్వడం మానక్కర్లేని మాత్రలే రాశాను. నేను చెప్పేదాకా మాత్రం ఆపకూడదు," అన్నారు.

"ప్రార్థన చేసుకోవచ్చాండీ?" అని రూతు అడిగింది.

"చేసుకోమ్మా. కాకపోతే మాత్ర వేసుకోకముందే చేసుకో. వేసుకున్నాక మధ్యలో నిద్రొచ్చేస్తుంది."

చాలా రోజుల తర్వాత రూతు నవ్వినట్టు కనిపించింది. నాకు నవ్వు రాలేదు. తిరుగు రైల్లో నా ఆలోచనంతా ఆ మాత్రల అట్టలు ఇంట్లో ఎక్కడ పెట్టాలన్నదే. సంఘ పెద్దగా ఉన్నవాణ్ణి. మాస్టారి కూతురికి పిచ్చి మందులు వాడుతున్నారన్న మాట చర్చి గేటు దాటి లోపలికి పోకూడదనుకున్నాను. ఇంటికొచ్చి మాత్రలు అట్టల్లోంచి తీసి, కాన్పుకు ముందు హెల్త్ సెంటర్లో ఇచ్చిన ఐరన్ మాత్రల ఖాళీ డబ్బాలో పోశాను. వారానికి సరిపడా పోసి, మిగతావి నా బీరువాలో దాచేవాణ్ణి. సత్యకుమారి గారు ఒకసారి డబ్బా చూసి అడిగితే, "రక్తం తక్కువుందన్నారండి, ఐరన్ మాత్రలు," అన్నాను. రూతు అక్కడే ఉంది. నా వైపు చూసి, తల దించుకుంది.

రెండు నెలల్లో పిల్ల తేరుకుంది. ఒక ఉదయం, "నాన్నా, ఈ కూరలో ఉప్పు రెండుసార్లు వేశారు," అని కసిరింది. ఆ కసురు విని నేను వంటింట్లో తలుపు వెనక్కి వెళ్లి కాసేపు నిలబడ్డాను.

రూతు బాగుపడిందని స్త్రీల సమాజం వాళ్లు మా ఇంట్లో శనివారం కృతజ్ఞత కూడిక పెట్టారు. కూడికంటే పాటలు, పాస్టరు గారు బైబిలు తీసి వాక్యం చెప్పడం, చివర్న మేలు పొందినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పడం. సాక్ష్యాలు మా దగ్గర ఎప్పుడూ ఒకే దారిలో నడుస్తాయి. డాక్టర్లు చేతులెత్తేశారంటారు, ఏ మందూ పనిచేయలేదంటారు, ప్రభువే ముట్టుకున్నాడంటారు. ఎవరూ అలా చెప్పమని చెప్పరు. వినీ వినీ అలాగే వస్తుంది. సత్యకుమారి గారు పది రోజుల ముందే వచ్చి, రూతు పక్కన కూర్చుని, తడబడకుండా ఉండాలని నోటుబుక్కులో రాయించి వెళ్లారు. నేను టీ పెట్టి ఇచ్చాను. ఏం రాయించారో అడగలేదు.

శుక్రవారం పొద్దున్న నేను లేచేసరికి ఇల్లూ వాకిలీ ఊడ్చి ఉన్నాయి. ఉతికిన పాత గుడ్డలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెడుతోంది రూతు. కళ్ల కింద నలుపు. రెండు మూడు రోజులుగా అలసటేమోలే అనుకున్నాను. నేనే అంత అలసిపోయి ఉన్నాను, అందరిదీ అలసటే అనిపించేది. మాత్రలు నింపుదామని డబ్బా తీసి మూత విప్పాను. పోయిన వారం పోసినవి పోసినట్టే ఉన్నాయి. అంతకు ముందు వారానివి కూడా కొన్ని అడుగున ఉన్నాయి; పోయినసారి చూసుకోకుండానే పైన పోసేశాను.

"ఏంటమ్మా ఇది?"

రూతు గుడ్డ మడత ఆపలేదు. "సాక్ష్యం రాసినరోజు నుంచి మానేశాను."

"ఎందుకు?"

దిండు కింద నుంచి నోటుబుక్కు తీసి ఇచ్చింది. గుండ్రటి అక్షరాలు. మధ్యలో ఒక వాక్యం: 'ఏ మందూ లేకుండా నా దేవుడు నన్ను లేవనెత్తాడు.' ఆ వాక్యాన్ని కొట్టేసి, మళ్లీ రాసి, మళ్లీ కొట్టేసి, మళ్లీ రాసి ఉంది.

"మందు వేసుకుంటూ ఇలా ఎలా చెప్పను నాన్నా? దేవుడి ముందు చెప్పేది కదా. మానేస్తే అది అబద్ధం అవ్వదు."

"ఆ వాక్యం తీసేయొచ్చు కదమ్మా."

"తీసేస్తే ఎందుకు తీశావంటారు. అప్పుడు మీరు అబద్ధమాడారని తెలుస్తుంది."

బిడ్డ ఏడ్చింది. రూతుకు వినబడనట్టే ఉంది. జబ్బు మొదలైన రోజుల్లోనూ అలాగే ఉండేది. రత్నమాణిక్యాన్ని కూర్చోబెట్టి ఎస్టీడీ బూత్‌కి పరుగెత్తాను.

"పది రోజులా?" అన్నారు సూర్యకళ గారు. "ఏ పూటైనా సరే, వెంటనే మొదలుపెట్టించండి. ఒక్క నిమిషం ఒంటరిగా వదలొద్దు. సోమవారం తీసుకురండి. ఏమాత్రం తేడా అనిపించినా సోమవారం దాకా ఆగకండి."

మాత్ర, నీళ్లు పట్టుకుని గంటసేపు కూర్చున్నాను. రూతు పెదవులు విప్పలేదు. సాక్ష్యం అయ్యాక వేసుకుంటానంది. ఆ సాక్ష్యం చెప్పాక ఇంకెప్పటికీ వేసుకోదని నాకు తెలుసు. కబురందుకుని కిరణ్ కుమార్ సెలవు పెట్టి మధ్యాహ్నానికల్లా వచ్చాడు. వాణ్ణి రూతు దగ్గర ఉంచి, పాస్టరు అబ్రహాము గారింటికి వెళ్లాను. ఆయన ఎక్కడో సమాధి కార్యక్రమం చేసి అప్పుడే వచ్చినట్టున్నారు, కాళ్లు కడుక్కుంటున్నారు. జరిగిందంతా చెప్పాను.

"కూడిక ఆపేద్దామండి అయ్యగారూ."

"ఆపితే అమ్మాయి ఏమనుకుంటుందండీ? దేవుడు నా సాక్ష్యం కూడా వద్దన్నాడనుకోదూ?"

ఆయన తువ్వాలుతో పాదాలు తుడుచుకుంటూ, "ఆ డబ్బా నేనూ చూశాను మాస్టారూ. మా ఆవిడకి నాలుగు కాన్పులు. హెల్త్ సెంటర్లో ఇచ్చే ఐరన్ మాత్రలు ఎర్రగా ఉంటాయి. మీవి తెల్లగా ఉన్నాయి. అడిగితే మీకు ఇబ్బంది అవుతుందని అడగలేదు. అడగాల్సింది," అన్నారు.

"ఇప్పుడేం చేయమంటారండీ?"

"రేపు నేను బైబిలు తీయకముందే మీరు లేవండి. నేను చెప్తే ఇంటి గుట్టు అయ్యగారు బయటపెట్టారంటారు. మీరే చెప్పాలి."

ఇంటికొచ్చి రూతుకు చెప్పాను. చాలాసేపు నా ముఖం చూసింది.

"అందరి ముందూ చెప్తారా?"

"చెప్తానమ్మా. ఇప్పుడు వేసుకో."

"మీరు చెప్పాక వేసుకుంటాను."

ఆ పిల్ల నన్ను నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం నేనే గనక బతిమాలడానికి కూడా మొహం చెల్లలేదు. ఆ రాత్రంతా అల్లుడూ నేనూ వంతులేసుకుని మేలుకున్నాం.

శనివారం పది గంటలకు షామియానా కింద ముప్పైమంది దాకా కూర్చున్నారు. రూతు తెల్లచీర కట్టుకుని కిరణ్ కుమార్ పక్కన కూర్చుంది. ఒళ్లో నోటుబుక్కు. బొటనవేలితో దాని అంచు గీరుతూనే ఉంది. రెండు పాటలయ్యాయి. అయ్యగారు నా వైపు చూశారు. లేచాను.

"అందరికీ వందనాలండి. మా అమ్మాయి వేసుకునేవి ఐరన్ మాత్రలు కావు. మనసు జబ్బుకి కాకినాడలో డాక్టరమ్మగారు రాసిన మాత్రలు. నలుగురికీ తెలుస్తుందని నేనే డబ్బా మార్చాను. అడిగినవాళ్లకి అబద్ధం చెప్పాను. అమ్మాయి చెప్పలేదు, నేను చెప్పాను. ఆ అబద్ధాన్ని నిజం చెయ్యాలని పిచ్చిపిల్ల పది రోజులుగా మాత్రలు మానేసింది. మళ్లీ నిద్రలేదు. మాకు భయంగా ఉంది."

పిచ్చిపిల్ల అన్నందుకు నాలిక కరుచుకున్నాను. సత్యకుమారి గారి ముఖం ఎర్రబడింది.

"అయితే మాస్టారూ, మేం మూడు శుక్రవారాలు కడుపులు మాడ్చుకుంది మాత్రల కోసమా? ప్రభువుకి మహిమ అని ఊరంతా చెప్పుకుంటున్నాం. మీరు నవ్వుకుంటూ ఉన్నారన్నమాట!"

"లేదండమ్మా."

"మరేంటి?"

"ఆ మూడో శుక్రవారం రూతు తల మీ ఒళ్లో పెట్టుకున్నారు. గుర్తుందాండీ? మీరు పాట పాడుతూ తల నిమిరారు. అప్పటికి ఎన్నాళ్లో అయింది అది కళ్లు మూసి. గంటసేపు పడుకుంది. లేచాక 'డాక్టరు దగ్గరికి వెళ్దాం నాన్నా' అంది. అంతకు ముందు నేనెంత బతిమాలినా రాలేదండి. నా దగ్గర మాత్రం ఏముంది? మీ ప్రార్థన లేకపోతే అది రైలెక్కేది కాదు. ఆ మాత్రలు లేకపోతే..." రేవు సంగతి నోటిదాకా వచ్చింది. రూతు వైపు చూశాను. తల ఊపింది. చెప్పాను.

ఎవరో ఏడ్చారు. సత్యకుమారి గారు మాత్రం, "నాకు ముందే చెప్పి ఉండాల్సింది," అన్నారు గట్టిగా. "హాస్టల్లో ఆడపిల్లలు కూడా నాకు అబద్ధం చెప్పలేకపోయారు. మీరు చెప్పారు." అని మొహం పక్కకు తిప్పుకున్నారు.

రూతు లేచింది. నోటుబుక్కు కుర్చీలో వదిలేసింది. "నేను ఇంకా బాగవలేదండి," అంది. "బాగవుతున్నాను. ఈ రెండు నెలలూ ప్రభువు నన్ను విడిచిపెట్టలేదు. ఇంకా ప్రార్థన చెయ్యండి. మాత్ర కూడా వేసుకుంటాను." అంతే. కూర్చోబోయి, మళ్లీ నిలబడి, "నాన్నా, ఇవ్వండి," అంది.

జేబులోనే పెట్టుకున్నాను. ఇచ్చాను. రత్నమాణిక్యం గ్లాసుతో నీళ్లు తెచ్చింది. అందరూ చూస్తుండగా మింగింది. అయ్యగారు చేతులెత్తి చిన్న ప్రార్థన చేశారు. ఆయన ప్రార్థనలు ఎప్పుడూ అంత చిన్నవి కావు. బైబిలు తీయకుండానే ముగించారు.

రూతు లోపలికెళ్లి మంచం మీద వాలింది. కిరణ్ కుమార్ పక్కన కూర్చున్నాడు. బయట ఉప్మా, బూందీ పెడుతున్నారు. పదకొండు గంటలవేళ కిటికీలోంచి తొంగిచూస్తే, రూతు నోరు కొంచెం తెరిచి, చిన్నప్పటిలా ఒక చెయ్యి చెంప కింద పెట్టుకుని నిద్రపోతోంది. అల్లుడు చప్పుడు చేయొద్దని సైగ చేశాడు. రూతు నిద్రపోయిందని ఎలాగో షామియానా అంతా తెలిసిపోయింది. గొంతులు తగ్గాయి. ఎవరో పిల్లాడు స్టీలు గ్లాసు కింద పడేస్తే, "ఉష్, వెధవా!" అని సత్యకుమారి గారే గసిరారు.

బిడ్డ లేచి ఏడుపు అందుకోబోయింది. ఆవిడ లోపలికెళ్లి బిడ్డను ఎత్తుకుని, ఏడుపు వినబడనంత దూరం, నర్సరీల గట్టు దాకా నడిచి వెళ్లారు. ఎండలో పైట కొంగు బిడ్డ తల మీద కప్పి అటూ ఇటూ తిరుగుతున్నారు. టిఫిను ప్లేటు పట్టుకెళ్లి ఇవ్వబోయాను.

"నాకేమీ వద్దండి," అన్నారు. ఒక్క నిమిషం ఆగి, "ఆ కాకినాడ రైలు పొద్దున్న ఎన్నింటికి?" అని అడిగారు.

"ఏడింటికండి."

"సోమవారం నేనూ వస్తాను. బిడ్డని ఎవరో ఒకళ్లు ఎత్తుకోవాలి కదా."

తర్వాత బిడ్డను ఇంటికి తెచ్చి రత్నమాణిక్యం చేతుల్లో పెట్టి, నాకు వందనాలు కూడా చెప్పకుండానే వెళ్లిపోయారు. రూతు సాయంత్రం నాలుగు దాకా లేవలేదు.