ముట్టని రొట్టె

నేను ఒక కిటికీని. గాలికీ వెలుతురుకీ పెట్టిన కిటికీని కాను. కొండమీది మఠంలో, ఒక సన్యాసి గదిలోకి రొట్టె అందించడానికి గోడకు పెట్టిన కన్నాన్ని.

ఊళ్లో రణగొణ పడలేక ఏడుగురు క్రైస్తవ సన్యాసులు ఇటలీలో ఆ మంచుకొండ ఎక్కారట. ఏకాంతం కోసం వెళ్లేవాళ్లు ఏడుగురు కలిసి వెళ్లడమేమిటో నాకు నేటికీ బోధపడదు! తలా ఒక గుడిసె వేసుకున్నారు. దేవుణ్ణి ఒంటరిగా వెతకొచ్చు గానీ కడుపు ఒంటరిగా నిండదని మొదటి చలికాలానికే తెలిసొచ్చింది. సరే, ఒకరు వండి అందరికీ పంచాలి; ఎవరూ ఎవరి ముఖమూ చూడకూడదు. గుడిసెలు పోయి రాతిగదులు లేచినప్పుడు వడ్రంగి గిడో నన్ను గోడలో వంకరగా, రెండు తలుపులతో బిగించాడు. ఇచ్చేవాడికి పుచ్చుకునేవాడు కనబడడు.

కొన్ని తరాల తర్వాత నా గదిలోకి ఫాదర్ నిక్కోలో వచ్చాడు. ఆయనకు తిండి ఇష్టం. వేడి రొట్టె వాసన చూసి చిన్నపిల్లాడిలా నవ్వేవాడు. నాకు ఆయనంటే ప్రాణం.

ఈస్టర్ ముందు ఉపవాసాలుండే తపస్సు కాలంలో, ఒక సోమవారం నాడు, ఆయన జ్వరంతో నేలమీద పడిపోయాడు. మర్నాడు వడ్డించే బ్రదర్ తెబాల్దో వచ్చి చూస్తే రొట్టె అలాగే ఉంది. "ఆహా, ఎంత కఠోర ఉపవాసం! మా అందర్నీ మించిపోయాడు" అని గొణుక్కుని, శిలువ గుర్తు వేసుకుని, కొత్త రొట్టె పెట్టి పోయాడు. ఒక్కసారి తలుపు తట్టొచ్చుగా? తట్టడు. నియమం! ఆ గొణుగుడు పక్కగదుల్లోకి పాకిందేమో, బుధవారానికి మరో మూడు కిటికీల్లో రొట్టెలు మిగిలాయి. లోపల మనిషి ప్రాణం పోతుంటే బయట పుణ్యానికి పోటీలు!

గురువారం గాడిదల మీద పిండి తెచ్చిన బెర్తోల్దో ఆ రొట్టె చూసి, సంగతేమిటని తెబాల్దోని అడిగి తెలుసుకున్నాడు.

"మూడ్రోజుల్నుంచీ ముట్టలేదా? మనిషున్నాడో పోయాడో చూశారా, సామీ?"

"మౌనవ్రతం చెడుతుంది" అన్నాడు తెబాల్దో.

"మీ మౌనం మండిపోనూ!" అంటూ బెర్తోల్దో తలుపు బద్దలయ్యేలా తన్నాడు.

అప్పటికే ఆలస్యమైపోయింది.

ఇప్పుడు నేను మ్యూజియంలో ఉన్నాను. 'పుణ్యాత్ముడి ఉపవాస కిటికీ' అని నా పక్కన పలక తగిలించారు. నా కింది అంచున గోళ్ల గీతలున్నాయి. అవి ఆయన ప్రార్థనలు లెక్కపెట్టుకున్న గుర్తులని గైడు చెబుతాడు. జనం వాటిని తాకి కళ్లకద్దుకుంటారు.

నాకు ఒళ్లు మండిపోతుంది. ఆయన ఉపవాసం ఉండలేదండీ! నేలమీద పాక్కుంటూ వచ్చి, నన్ను పట్టుకుని, రొట్టె కోసం చెయ్యి చాచాడు. జానెడు దూరంలో అందలేదు.