అనసూర్యమ్మ దాగలి

కొడకండ్లలో ఆ ఇంటి ముందు మోటారు సైకిల్ ఆపేసరికే అక్కడ ఒక ట్రాలీ బండి నిలబడి ఉంది. దాని వెనక పాత దర్వాజాలు, చెక్క స్తంభాలు, సొట్టలు పడ్డ ఇత్తడి గంగాళం తాళ్లతో కట్టి ఉన్నాయి. అది చూడగానే రాకేశ్ ముఖం మాడిపోయింది.

"మనకంటె ముందే ఎవడో దిగిండు," అన్నాడు.

వెనక కూర్చున్న అతని భార్య కవిత బండి దిగింది. సంచి భుజాన వేసుకుని గబగబా లోపలికి నడిచింది. కమ్మరులు ఇనుము పెట్టి కొట్టే దిమ్మ, మంచి దాగలి కోసం ఆమె ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తోంది. బయ్యారం దగ్గర తండా వాళ్లది. రోడ్డు మీద రాకేశ్‌కు వెల్డింగ్ షాపు ఉంది. గేట్లు, కిటికీ గ్రిల్లులు చేస్తాడు. కొత్తగూడ అడవి వైపు నుంచి వచ్చే రైతులు మాత్రం గొడ్డళ్లు, పారలు, కలుపు తీసే కొంకులు అడుగుతారు. అవి వెల్డింగుతో అయ్యేవి కావు. ఇనుము కాల్చాలి, సాగగొట్టాలి, పదును పెట్టాలి. ఆ పని కవితకు వచ్చు.

రాకేశ్ భూపాలపల్లిలో బొగ్గు గనుల కాంట్రాక్టరు దగ్గర పనిచేసిన రోజుల్లో, వాళ్లు అద్దెకున్న ఇంటి పక్కనే పెంటయ్య అనే కమ్మరి కొలిమి ఉండేది. ఆయనకు సమ్మెట కొట్టే మనిషి లేకపోతే కవిత కూలికి వెళ్లింది. మొదట్లో సమ్మెట ఎత్తడమే కష్టమయ్యేది. తర్వాత తర్వాత పెంటయ్య ఆమె చేతికి పట్టుకారు కూడా ఇచ్చాడు. సొంత ఊరికి వచ్చాక రైలు పట్టా ముక్క మీద కొట్టి చూసింది. దెబ్బ దెబ్బకూ అది ఎగిరిపడేది. అందుకే మహిళా సంఘంలో అప్పు తీసుకున్నారు, మంచి దాగలి ఒకటి, కొలిమికి గాలి కొట్టే మోటారు ఒకటి కొనాలని. వారం కింద ఎవరో వాట్సాప్‌లో పెట్టిన ఫొటో రాకేశ్ చూపించాడు. ఒక పక్క కొమ్ము ఉన్న పాత దాగలి. కొడకండ్ల కమ్మరి ఇంట్లోది. ఆ కమ్మరి చనిపోయాడు, భార్య అమ్మేస్తుందట.

వాకిట్లో సగం కూలిన కొలిమి కొట్టం. బూడిద కుప్ప మీద గోనెసంచి, సంచి మీద దాగలి. లావుపాటి మనిషి ఒకడు బూటు కాలు దాని కొమ్ము మీద గట్టిగా అదిమిపెట్టి, చిన్న సుత్తితో దాని నడుమ కొడుతున్నాడు. పేరు భూపాల్. జనగామ చుట్టుపక్కల ఊళ్లలో పాత సామాను కొని హైదరాబాదు ఫామ్‌హౌసులకు అమ్ముతాడు. పక్కన నిలబడ్డ యువకుడు ఐలేశ్, ఫొటో పెట్టింది అతనే. అరుగు మీద ముసలామె కూర్చుని ఉంది. సన్నగా ఉన్నా భుజాలు మాత్రం వెడల్పు. ఆమె అనసూర్యమ్మ, ఐలేశ్‌కు పెద్దమ్మ.

"విన్నవా తమ్మీ? డబ్ డబ్ అంటున్నది," అన్నాడు భూపాల్. "అసలు దాగలైతే గుడిగంట తీరు మోగాలె. గిది పోత ఇనుము. పైంగ లోపల పలిగింది. తూకం ధర తప్ప ఇంక దేనికీ పనికిరాదు."

ఐలేశ్ ముసలామె చెవి దగ్గరికి వంగి గట్టిగా అరిచాడు. "పెద్దమ్మా! పలిగిందంట! మోగుతలేదంట! పాత ఇనుము ధరే ఇస్తడంట!"

"పలిగిందా?" అందామె. "ఎట్ల పలుగుతది? మీ పెదనాయిన పోయిన దినం పొద్దుగాల గూడ దాని మీద నాగలి కర్రు సాగగొట్టిండు."

"ముసలామెకేం తెలుసు," అని భూపాల్ నవ్వాడు. ఆమెకు వినబడదని తెలిసి, గొంతు తగ్గించకుండానే అన్నాడు.

కవితకు ఒళ్లు మండింది. దాగలిని ఎట్లా చూడాలో పెంటయ్య ఆమెకు ఒకటికి పదిసార్లు చెప్పాడు. మెత్తటి దాని మీద పెట్టి, పైన కాలు అదిమి కొడితే ఎంత మంచి దాగలైనా మూగబోతుంది. ఇంత సామాను కొని అమ్మేవాడికి అది తెలియకపోదు. తెలిసే చేస్తున్నాడు.

"అన్నా, జర కాలు తియ్యి," అంది.

భూపాల్ తల తిప్పి చూశాడు. "నువ్వెవరు చెల్లె?"

"మేం గూడ కొననీకే వచ్చినం. కాలు తియ్యి. గోనెసంచి మీద పెట్టి కొడితె ఏ దాగలి మోగుతది?"

అంతలో రాకేశ్ ఆమె మోచేయి పట్టుకుని పక్కకు లాగాడు. తండా భాషలో గుసగుసగా అన్నాడు, "నోరు మూసుకో. వాన్నే ధర దించనీ. వాడు చెప్పిందాని మీద ఒక ఐదు వందలు ఎక్కువేసి మనం ఎత్తుకపోదాం."

కవిత అతని ముఖంలోకి చూసింది. అతను చూపు తప్పించాడు. ఎందుకో ఆమెకు వెంటనే అర్థం కాలేదు. ఐలేశ్ అన్న మాటతో అర్థమైంది.

"మీ ఆయన గూడ నిన్న ఫోన్ల గదే చెప్పిండు గదక్కా," అన్నాడు ఐలేశ్ అమాయకంగా. "ఫొటోల చూస్తెనే తెలుస్తుంది, పోత ఇనుమే, మూడు వేలకంటె ఎక్కువ రాదన్నడు. ఇద్దరూ ఒక్క మాటే చెప్తున్నరంటె నిజమే అయితదని పెద్దమ్మను నేనే ఒప్పించిన."

నిన్న రాత్రి అన్నం తింటూ ఇదే రాకేశ్ ఫోన్‌లో ఫొటో పెద్దది చేసి చూపించాడు. "అంచులు చూడు, ఎంత సాపుగున్నయో. పైన ఉక్కు పలక అతికిన గీత గూడ కనబడ్తుంది. గిసొంటిది ఇప్పుడు దొరకదు," అని మురిసిపోయాడు. డబ్బు లేక అబద్ధమాడాడా అంటే, సంఘం డబ్బు అతని చొక్కా లోపలి జేబులోనే ఉంది. ఎవడో దారినపోయే బేరగాడు మోసం చేస్తే ఒక కోపం. తన పక్కన పడుకునేవాడు అదే మోసం ఆ బేరగాడికంటె ముందే మొదలుపెట్టాడని తెలిస్తే వచ్చే కోపం వేరే.

"ఐలేశ్ తమ్మీ, ఒక చెయ్యి వెయ్యి," అంది. "దీన్ని గా బండ మీదికి దొర్లిద్దాం."

"బేరం నాది నడుస్తుంటె మధ్యల నువ్వేంది?" భూపాల్ అడ్డం వచ్చాడు.

"బేరం నడుపు. ఎవలొద్దన్నరు? వస్తువు ఏందో తెలిసినంక నడుపు."

ఐలేశ్, ఆమె కలిసి దాగలిని దొర్లించి, గుమ్మం ముందున్న రాతిబండ మీద నిలబెట్టారు. రాకేశ్ చేతులు కట్టుకుని దూరంగానే ఉన్నాడు. కవిత చున్నీతో బూడిద తుడిచింది. పై ముఖం మీద సన్నని గీతలు తప్ప గుంటలు లేవు. అంచులు రెండు చోట్ల కొద్దిగా చిట్లాయి, అంతే. ఎక్కడా వెల్డింగు అతుకు లేదు, మిషన్‌తో గీకిన జాడ లేదు. సంచిలోంచి ఆకురాయి తీసి అంచు మీద రుద్దింది. మెత్తని ఇనుమైతే ఆకురాయి కొరుకుతుంది. ఇక్కడ జారిపోయింది. అంటే దాగలి ఎప్పుడూ మంటల్లో చిక్కి కాగలేదు, ఉక్కు పదును దిగిపోలేదు.

అప్పుడు సుత్తి తీసుకుని ఒక్క దెబ్బ కొట్టింది.

ఖంగుమన్న మోతకు ఎదురింటి వాళ్లు బయటికి వచ్చి చూశారు. ట్రాలీ డ్రైవరు కూడా తల బయట పెట్టాడు. ఐలేశ్ నోరు తెరిచాడు. అనసూర్యమ్మ మాత్రం కదల్లేదు. వాళ్లందరి ముఖాల వంక మార్చి మార్చి చూస్తోంది, ఏం జరిగిందా అని.

"ఆమెకేం వినబడదక్కా," అన్నాడు ఐలేశ్ నెమ్మదిగా. "పెదనాయిన పక్కన నలభై ఏండ్లు సమ్మెట కొట్టింది. గా మోతకే చెవులు పోయినయి."

కవిత సుత్తి కింద పెట్టింది. ఈ దాగలి మోత వినీ వినీ చెవులు పోగొట్టుకున్న మనిషి ముందు నిలబడి, ఇది మోగదని చెబుతున్నారు. ఆమె విని కాదనే వీలు లేదు కాబట్టే చెబుతున్నారు.

సంచిలో ట్రాక్టరు బేరింగులోంచి తీసిన ఉక్కు గోళీ ఉంది. కవిత దాన్ని తీసి ముసలామెకు చూపించి, రమ్మని చేయి ఊపింది. అనసూర్యమ్మ అరుగు దిగి వచ్చింది. కవిత గోళీని మూరెడు ఎత్తునుంచి దాగలి మీద వదిలింది. గోళీ తగిలిన వెంటనే ఎగిరి ఇంచుమించు ఆమె చేతి దాకా వచ్చింది. మళ్లీ పడింది, మళ్లీ ఎగిరింది. తర్వాత అదే గోళీని పక్కనున్న పాత కాటారాయి, అంటే పోత ఇనుముతో చేసిన తూకం రాయి మీద వదిలింది. అది టప్పున పడి, చచ్చినట్టు దొర్లిపోయింది.

ముసలామె గోళీ వంక చూసింది. దాగలి వంక చూసింది. తర్వాత భూపాల్ వైపు తిరిగింది.

"ఏం రా," అంది. చెవులు వినబడని వాళ్ల గొంతు ఎప్పుడూ పెద్దదే. ఇప్పుడు వీధంతా వినబడింది. "నా చెవులు పోయినయి గని దీని నోరు పోయిందా? నా మొగడు డోర్నకల్లు పోయి, రైలు షెడ్డు సామాను వేలంల కొని, ఎడ్లబండి మీద తెచ్చుకున్నడు దీన్ని. దీని మీద నేను కొట్టని దినం లేదు. పురుడు పోసుకున్న నెల తిరగకముందే వచ్చి కొట్టిన. నువ్వు ఒక్కమాట నన్నడిగినవా? ఇంట్ల అడుగు పెట్టినకాడినుంచి గా పోరనితోనే మాట్లాడుతున్నవ్. నేనేం మొద్దునా? నన్ను మొగోళ్లు ఇద్దరు కలిసి పిచ్చిదాన్ని చేస్తరా?"

భూపాల్ ముఖం రంగు మారింది కానీ మాట తడబడలేదు. "సరె అవ్వా, కోపం జేయకు. నేను చూసుకోలె. ఇప్పుడు చెప్తున్న, రెండింతలిస్త. మూడింతలిస్త!" అని వేళ్లు చూపించాడు.

"చూసుకోలేదా?" కవిత ముందుకు వచ్చింది. "కొమ్ము మీద కాలు అదిమిపెట్టి చూసుకోలేదంటవా? ఇట్ల ఎన్ని ఇండ్లల్ల చేసినవ్? మొగడు పోయిన ఆడోళ్ల ఇండ్లే ఏరుకుంటవా?"

"నీ మొగడు చెప్పింది నా మాట కాదా?" అన్నాడు భూపాల్. "ముందు నీ ఇల్లు కడుక్కో చెల్లె."

ఆ మాట సూటిగా తగిలింది. తగలాల్సిన చోటే తగిలింది. కవిత రాకేశ్ వైపు తిరిగింది.

"ఇటు రా," అంది. ఈసారి తండా భాషలో కాదు, అందరికీ అర్థమయ్యేట్టు తెలుగులోనే. "దీని ధరెంతో అవ్వకు చెప్పు."

"ఇప్పుడెందుకు గవన్నీ. తర్వాత..."

"ఇప్పుడే చెప్పు."

రాకేశ్ వచ్చాడు. తల వంచుకుని ఏదో గొణిగాడు.

అనసూర్యమ్మ చెవికి చేయి అడ్డం పెట్టుకుంది. "గట్టిగ చెప్పు బిడ్డా. నాకు వినపడదు."

"దాగలి మంచిదే అవ్వా," అన్నాడు.

"ఇంకా గట్టిగ!"

ఎదురింటి వాళ్లు గోడ దగ్గరికి వచ్చారు. రాకేశ్ చెవులు ఎర్రబడ్డాయి. గొంతు పెంచి అరిచాడు. "దాగలి మంచిది! నేను అబద్ధం చెప్పిన! పోత ఇనుము గాదు! కిలోకు రెండు వందలకు తగ్గకుంట పోతది! డెబ్బై కిలోలకు పద్నాలుగు వేలు అయితది!"

ముసలామె అతన్ని కింది నుంచి పైదాకా చూసి ముఖం తిప్పుకుంది. అతనికి తిట్టు తప్పిందనిపించలేదు. తిడితేనే బాగుండేదనిపించింది.

భూపాల్ మరో వెయ్యి ఎక్కువిస్తానన్నాడు. ఐలేశ్ ఆశగా పెద్దమ్మ వైపు చూసి, ఆ సంగతి చెవిలో అరిచాడు. ఆమె బూడిద కుప్ప మీది గోనెసంచిని ఎత్తి ట్రాలీ మీదికి విసిరేసింది. "నీ సంచి నువ్వు తీస్కపో," అంది. భూపాల్ గొణుక్కుంటూ బండెక్కాడు. "లంబాడోళ్లొచ్చి మా బేరాలు చెడగొట్టవట్టిరి," అని కిటికీలోంచి అరిచి మరీ పోయాడు. కవిత రాయి కోసం కిందికి వంగితే ఐలేశ్ చేయి పట్టుకున్నాడు.

రాకేశ్ జేబులోంచి డబ్బు తీశాడు. పద్నాలుగు వేలు ఇస్తే గాలి మోటారుకు మిగలదు. ఆ సంగతి అతను అంటాడేమోనని కవిత చూసింది. అతను అనలేదు.

డబ్బు లెక్క చూసుకోమని అనసూర్యమ్మ ఐలేశ్‌కు ఇచ్చి, కవిత రెండు చేతులూ పట్టుకుని అరచేతులు తిప్పి చూసింది. వేళ్ల మొదళ్లలో కాయలు కాసిన చోట బొటనవేలితో నొక్కింది.

"కొట్టేది నువ్వేనా?"

కవిత తల ఊపింది.

"కొట్టేటప్పుడు చెవులల్ల దూది పెట్టుకో. నాకు ఎవ్వలు చెప్పలే."

ఆటో ట్రాలీ మాట్లాడుకుని దాగలిని ఎక్కించారు. కవిత దానితోనే ట్రాలీలో కూర్చుంది. తొర్రూరులో చాయ్ తాగుదామంటే దిగలేదు. ఇల్లు చేరాక అతనే మొదలుపెట్టాడు. "తప్పయింది. నీతోని చెప్పకుంట చేసిన."

"నాతోని చెప్పి చేస్తె తప్పు గాదా?" అంది కవిత. "తక్కువల కొనాలంటె బేరం ఆడు. నాకాడ ఇంతే ఉన్నది అవ్వా, ఇంతకు ఇయ్యి అని అడుగు. ఆమె సొమ్మును ఆమెకే చెత్త అని చెప్తవా?"

గాలి మోటారు ఆ సీజనుకు రాలేదు. చేత్తో తిప్పే పాత యంత్రం ఒకటి మహబూబాబాదులో దొరికితే రాకేశే మరమ్మతు చేసి బిగించాడు. కవిత కొడుతుంటే తిప్పేది కూడా అతనే. పారలు, కొంకులు చేసినవి చేసినట్టే పోతున్నాయి.

ఐలేశ్ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటాడు. చుట్టుపక్కల ఊళ్లలో కమ్మరుల ఇళ్లు తిరిగి అడిగాడట. భూపాల్ దాగళ్లు ఇట్లాగే పోత ఇనుమని, పలిగిందని చెప్పి కొనుక్కుపోయిన ఇళ్లు ఇంకా బయటపడ్డాయి. పోలీసు స్టేషనుకు వెళ్తే, మీరే అమ్మి మీరే డబ్బు తీసుకుని ఇప్పుడు కేసేమిటని వెనక్కి పంపారట. భూపాల్ బండి ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

ఆ మాట విన్న రోజు కవిత అన్నం తినలేదు. మర్నాడు, వాట్సాప్‌లో ఊళ్లకు పంపేందుకు ఫోన్‌లో వీడియో తీయమని రాకేశ్‌కు చెప్పింది. దాగలిని గోనెసంచి మీద పెట్టి, కొమ్ము మీద కాలు అదిమి కొట్టి చూపించింది. బండ మీద పెట్టి కొట్టి చూపించింది. గోళీ వేసి చూపించింది. "అమ్మేముందు మీరే చూసుకోండ్రి. ఎవడు వచ్చి ఏం చెప్పినా నమ్మకుండ్రి," అంది చివర్లో, కెమెరాలోకి చూస్తూ, కోపంగానే.

"జర నవ్వుకుంట చెప్పు," అన్నాడు రాకేశ్. "అందరు చూస్తరు."

"నవ్వొస్తలేదు," అంది కవిత. "గట్లనే పంపియ్యి."