పక్కకు పడుకున్న గిన్నె

ఇలా దగ్గరికి జరగండి, ఆ ఫోన్లు కాసేపు అవతల పెట్టి. ఒక మొండిఘటం సంగతి చెబుతాను.

ఆ పిల్లకు ఆ పేరు పెట్టింది ఆఫీసువాళ్లే. ఆసుపత్రుల కోసం ప్రోగ్రాములు రాసే ఆఫీసు అది. రోగికి ఒకే సెలైన్ గొట్టంలో ఏయే మందులు కలిపి ఎక్కించవచ్చో చూసి, కూడదంటే ఆపేసే ప్రోగ్రాము ఆమె చేతిలో ఉంది. దాని కోసం ఆమె చిన్న కంప్యూటరు భాషనే అల్లుకుంది. నియమాలు చెప్పే ఫార్మసిస్టును అందరూ మందులావిడ అంటారు. ఆవిడ గాజు గోడ మీద మార్కరుతో ఏ లెక్కల గుర్తు వేస్తే, ప్రోగ్రాములోనూ అదే గుర్తు.

అన్నిటిలోకీ పిల్లకు ముద్దొచ్చేది ⊆. పక్కకు పడుకోబెట్టిన గిన్నె, కింద ఒక గీత. వీపు వైపు ఉన్నవన్నీ నోటి వైపు ఉన్నవాటిలో ఇమిడిపోవాలి, అంతే దాని అర్థం.

మేనేజరుకు మాత్రం ఆ గిన్నెను చూస్తే ఒళ్లు మంట.

"కీబోర్డు మీద ఇదెక్కడుందో చూపించు" అన్నాడు.

"మా పిన్నికి రోజూ మన అక్షరాల్లోనే మెసేజీ పెడతాను సార్. అవి మాత్రం కీల మీద అచ్చేసి ఉన్నాయా? ఏటవాలు గీత కొట్టి, గుర్తు పేరు పొట్టిగా రాసి, ట్యాబ్ నొక్కితే వచ్చి కూర్చుంటుంది."

"నీకో దండం తల్లీ. కొత్తవాడెవడైనా వస్తే జడుసుకుంటాడు."

"ప్లస్సును చూసి జడుసుకోనివాడు దీన్ని చూసి ఎందుకు జడుసుకుంటాడు సార్?"

మేనేజరు ఊరుకోలేదు. ఆమె రాసినదాన్నే తీసుకుని, గుర్తున్న ప్రతిచోటా బారెడు ఇంగ్లీషు పేరు, పక్కన బ్రాకెట్లు పెట్టించాడు. రెండూ మందులావిడకు చూపిద్దామన్నాడు. ఆవిడ దేని కింద సంతకం పెడితే అదే ఆసుపత్రికి వెళుతుంది. పిల్లది నెగ్గకపోతే ఆ భాషను తుడిచేసి, పని ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు.

మందులావిడ వచ్చి, ముందు మేనేజరు చూపించినది చదివింది. "బాగానే ఉన్నట్టుంది" అంది, పెద్దగా నమ్మకం లేకుండానే. తర్వాత పిల్ల రాసినది తెర మీదికి వచ్చింది. ఆవిడ చూపు ఒక వరుస దగ్గర ఆగిపోయింది.

"అమ్మడూ, ఈ గిన్నె నోరు ఎటుంది?"

పిల్ల చూసింది. డాక్టరు చీటీలో రాసిన మందులన్నీ కలపదగిన మందుల్లో ఉండాలి కదా. తను తిరగేసింది. కలపదగినవన్నీ చీటీలో ఉంటే చాలన్నట్టు రాసింది. అలాగైతే కూడని మందు కూడా వాటితో పాటు దూరిపోతుంది.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "చూశారా మేడమ్, బొమ్మలు గీస్తే ఇలాగే ఉంటుంది."

తల దించుకుంటుందనుకున్నారు అందరూ. పిల్ల లేచి నిలబడింది.

"తప్పు నాదే సార్. కాదనను. మీరు రాయించినదీ దీన్నుంచి తీసిందే కదా, మళ్లీ తెర మీద పెట్టండి."

పెట్టక తప్పలేదు. బారెడు పేరు, బ్రాకెట్లో రెండు మాటలు. అవీ తారుమారయ్యే ఉన్నాయి.

"మీ దాంట్లోనూ అదే తప్పుంది. మేడమ్ చదివారు, మీరు చదివారు, నేనూ చదివాను. ఒక్కరికీ కనబడలేదు. నా దాంట్లో దాక్కోలేకపోయింది. నా తప్పును పట్టించే గుర్తునే తీసేయమంటే, నేను తీయను."

పిల్ల కూర్చుని గిన్నె నోరు ఇటు తిప్పింది. మందులావిడ మరోసారి మొదటి నుంచి చివరిదాకా చదివి, కలం తీసింది.

"నేను చదవగలిగినదాని కిందే నా సంతకం" అంది.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "సరేలే. మరి ఆ కీలు కొట్టడం అందరికీ నువ్వే నేర్పుకో."

"నేర్పుతాను సార్. మీతోనే మొదలుపెడదాం."

అదీ సంగతి. రేపు మీరు ఇంకెవరికైనా ఇది చెప్పేటప్పుడు, ఆ పిల్ల తప్పు చేసిందన్న ముక్కను మాత్రం మింగేయకండి. అది లేకపోతే ఈ కథే లేదు.