సుత్తి ఆగినా ఆగని మోత

యోంగ్‌దో దీవి ఒడ్డున పిల్నే సుత్తితో ఓడల తుప్పు రాల్చడం మొదలుపెట్టి నలభై ఒక్క ఏళ్లయింది. ఇన్నేళ్లలో ఎంత పెద్ద ఓడొచ్చినా ఆమె ఓడలేదు. ఓడించడానికి సిద్ధమైంది మాత్రం ఎదురుగా లేచిన నలభై అంతస్తుల అపార్టుమెంటు. రేవు కనిపిస్తుందని చెప్పి అందులో ఫ్లాట్లు అమ్మారు. కొన్నవాళ్లు రేవు వినిపిస్తోందని ఫిర్యాదు పెట్టారు.

వార్డు ఆఫీసు మధ్యేమార్గం అంటూ ఒక అంకె చెప్పింది. శుక్రవారం పదకొండింటికి, పని జరుగుతుండగా మోత కొలుస్తారు. అరవై అయిదు డెసిబెల్స్ దాటితే ఓడల్ని ఒడ్డుకు లాగే వాలు మూసేసి, దానిమీద చెక్క పలకలు పరిచి కాఫీ కొట్లు పెడతారు. దాటకపోతే అయిదేళ్లు పని సాగుతుంది. పని పోతే తుప్పు రాల్చే పద్దెనిమిది మంది ఆడవాళ్లు ఆ కొట్లలో కప్పులు కడుక్కోవచ్చునని ఆఫీసువాళ్లే దారి కూడా చూపించారు.

దాంతో ఓడల మరమ్మతు యార్డువాళ్లు వాలు మీదున్న స్క్విడ్ వేట పడవ చుట్టూ మూడు వరసల టార్పాలిన్లు కట్టారు. మోత బయటికి పోలేదు సరే, తుప్పూ పోలేదు. ముక్కుల్లోకి, పళ్ల సందుల్లోకి, మధ్యాహ్నం తాగే చేపముద్దల పులుసులోకి దిగింది. పిల్నే ఉమ్మితే ఎర్రగా పడుతోంది.

"నిన్న తిన్న కిమ్చీ పచ్చడి ఎరుపు ఇంకా దిగలేదా అక్కా?" అంది మాల్జా. ముప్పై ఏళ్లుగా పక్కన కూర్చుని సుత్తి కొడుతున్న మనిషి.

"దిగినవన్నీ దిగాయే. దిగమింగలేనిది అదొక్కటే," అంటూ పిల్నే టార్పాలిన్ సందులోంచి బయటికి చూపించింది.

అక్కడ నడకదారి మీద సాంస్కృతిక శాఖవాళ్లు నిరుడు నిలబెట్టిన కంచు బొమ్మ ఉంది. సుత్తి పట్టిన ఆడమనిషి. సన్నని నడుము, నున్నని బుగ్గలు, పెదాల మీద నవ్వు. ఆ మణికట్టుతో సుత్తి కాదు కదా, గరిటె పట్టినా బెణుకుతుంది. యార్డును ఊరవతలికి నెట్టాలని చూస్తూనే యార్డు మనిషికి గుడి కట్టినట్టు బొమ్మ కట్టారు. రోజూ పొద్దున్నే దాని ముందునుంచి వచ్చేటప్పుడు పిల్నే మొహం అటు తిప్పుకునేది.

శుక్రవారం సరిగ్గా పదకొండింటికి థాక్ అనే కుర్ర ఆఫీసరు వచ్చి, యార్డు గేటు బయట మూడుకాళ్ల మీద మీటరు నిలబెట్టాడు. సుత్తులు మొదలయ్యాయి. డెబ్బై ఎనిమిది. అతను నొచ్చుకుంటూనే రాసుకోబోయి, ఒకసారి ఆపి చూద్దామన్నాడు. అందరూ ఆపారు.

డెబ్బై ఎనిమిది.

థాక్ మీటరును తట్టాడు, ఊదాడు, బ్యాటరీ తీసి మళ్లీ వేశాడు. అంకె కదల్లేదు. మాల్జా దానికీ తమ జబ్బే పట్టుకుందని నవ్వింది. ఇంటికెళ్లినా చెవుల్లో సుత్తి మోగుతూనే ఉండడం ఈ పనిలో అందరికీ ఉన్న జబ్బే. నిరుటినుంచి అది మరీ ముదిరి, పనిలేని రోజున రేవుకొచ్చినా మోగుతోంది. వయసు మీద పడుతోందని ఎవరికి వాళ్లు సర్దుకుని, చెవుల్లో ఇంకాస్త దూది కుక్కుకున్నారు.

పిల్నే పడవ పొట్టకు అరచెయ్యి ఆనించింది. ఇనుప రేకు నిమ్మళంగా ఉంది. బయటికొచ్చి, చెవిలో దూది తీసి, థాక్ ముందు నిలబడింది.

"నాయనా, సుత్తి మోత నీ చెవుల్లోనూ ఉందా?"

"ఉంది పిన్నిగారూ."

"నువ్వెన్నేళ్లు కొట్టావు సుత్తి?"

"నేనెప్పుడూ కొట్టలేదండీ."

ఆ మాటకు మాల్జా నవ్వు ఆగిపోయింది.

మోతను పట్టుకుని వెళ్తే కంచు బొమ్మ కాళ్ల దగ్గర తేలారు. కరెంటు పెట్టె అనుకున్నది స్పీకరు. లోపల మోగుతున్నది పిల్నే సుత్తే. నిరుడు ఎవరో వచ్చి, టీ ప్యాకెట్లు ఇచ్చి, మైకు పెట్టి ఆమె సుత్తి మోత రికార్డు చేసుకుని వెళ్లారు. చెయ్యి తనదే, కానీ కొట్టుడు తనది కాదు. తను మూడు దెబ్బలు కొట్టి ఆగుతుంది, రేకు పలికింది వింటుంది. ఎక్కడ పలచబడిందో ఆ ఆగినప్పుడే తెలుస్తుంది. ఇందులో ఆగడమే లేదు.

నడకదారి మేనేజరు ఫ్యో పరుగెత్తుకొచ్చాడు. మధ్యలో ఆగిన చోట్లు తామే కత్తిరించామనీ, జనానికి విసుగనీ చెప్పాడు. ఇది వారసత్వ ధ్వని అట. పది నుంచి ఆరు దాకా మోగాలట. ఆపాలంటే అర్జీ పెట్టి ఏడు పనిదినాలు ఆగాలట. ఏడాదిగా వచ్చిన ఫిర్యాదుల్లో ఎన్ని ఈ పెట్టెవో అని థాక్ గొణిగాడు. తన కాగితం మాత్రం ఈ రోజే చేరాలి, అందులో మోత ఎంతని ఉంది కానీ ఎవరిదని గడి లేదు.

"వినేదంతా కోసేసి కొట్టేది ఉంచుకున్నారు," అంది పిల్నే. "ఇలా కొడితే పడవకు బొక్క పడుతుంది. మీకు పడవెందుకులే."

నోరంతా తుప్పు రుచి. నడుముకున్న సుత్తి తీసింది. పెట్టె మీద మూడు దెబ్బలు కొట్టి, ఆగి, చెవి ఆనించి వింది. ఇంకా గురగురమంటోంది. మళ్లీ మూడు కొట్టింది.

తర్వాత పద్దెనిమిది మందీ టార్పాలిన్ల వెనక అరగంట సుత్తులు ఆడించారు. అరవై రెండు. థాక్ ఆ అంకె రాసి, సంతకం పెట్టి, ఫ్యో మొహం చూడకుండా వెళ్లిపోయాడు.

సోమవారం రెండు కాగితాలొచ్చాయి. ఒకదాంట్లో వాలుకు అయిదేళ్లు. రెండోది సాంస్కృతిక శాఖది. పాడైన పెట్టె గురించి విచారణకు రావాలనీ, వచ్చినప్పుడు వీలైతే కొత్త రికార్డింగుకు సుత్తి తెచ్చుకోవాలనీ, ఈసారి మొదటినుంచీ ఆగకుండా కొడితే కత్తిరించే శ్రమ తప్పుతుందనీ ఉంది.

పిల్నే మాల్జా చేత రెండుసార్లు చదివించుకుంది. మొదటి కాగితం మడిచి రొండిన దోపింది. రెండోదాంట్లోకి ముక్కు చీదింది. ఎర్రగా వచ్చింది.