పెద్ద పీపాలో అక్రోటు వాసన

బిరడా తీసి పెద్ద పీపా మీదకి ముక్కు దించగానే గిస్లేన్‌కి అక్రోటు వాసన కొట్టింది.

తల పైకెత్తింది. చొక్కా చేతిని ముక్కుకి ఆనించి పీల్చింది. సబ్బు. సరే, సబ్బు సబ్బులాగే ఉంది. మళ్ళీ వంగింది. మళ్ళీ అక్రోటే. అదీ పచ్చిది కాదు, చలికాలమంతా అటక మీద ఎండినదాన్ని పగలగొడితే వచ్చే వాసన.

ఎదురింటివాళ్ళ నేలమాళిగలో అయితే ఈ వాసనకి పండగ చేసుకునేవాళ్ళు. జూరా కొండల కింద ఆ ఊళ్ళో తెల్ల వైన్‌కి రెండు దారులు. పీపా చెక్క తాగినంత తాగి, గాలి తీసుకున్నంత తీసుకుని, లోపల వెలితి పడుతుంది. ఆ వెలితి పూడ్చకుండా వదిలేస్తే వైన్ మీద పాలమీగడలా పొర కడుతుంది. ఆ పొర కింద ఏళ్ళకేళ్ళు మగ్గి, పసుపు రంగుకి తిరిగి, అక్రోటు వాసన వేస్తుంది. అదొక దారి. వారం వారం అంచుదాకా పోస్తూ గాలికి చోటివ్వకపోతే పూల వాసనతో, నిమ్మ పులుపుతో తేటగా నిలబడుతుంది. గిస్లేన్‌ది ఈ రెండో దారి. మందులు కొట్టని ఆ చిన్న తోటకి ఉన్న కాస్త పేరూ ఆ తేట వైన్ వల్ల వచ్చిందే. మంచాన పడ్డ కొన్ని వారాలు తప్ప, ఈ పీపాకి ప్రతి శనివారం తన చేత్తో తనే పోసింది. మరి అక్రోటు ఎక్కణ్ణించి వచ్చినట్టు?

రేపు పొద్దున్నే సీసాలు నింపే లారీ వస్తుంది. ఈలోగా ఔననో కాదనో తేల్చాలి.

తేల్చడానికి ముక్కు ఉండాలి కదా. చలికాలం చివర్లో పట్టిన జ్వరం ఆమె ముక్కుని ఎత్తుకుపోయింది. కాఫీ వేణ్ణీళ్ళయింది, చీజ్ కొవ్వొత్తి ముక్కయింది. ఒకరోజు భోజనాల బల్ల దగ్గర అందరూ వింటుండగా తనే అనేసింది: "సీసాల వేళకి నా ముక్కు రాకపోతే నేలమాళిగ తాళంచెవి వదినకిచ్చేస్తా." వదిన మాత్యురీన్, మొగుడి అక్క, ఆ మాట మర్చిపోయే మనిషి కాదు. ఈమధ్య వాసనలు ఒక్కొక్కటీ తిరిగొస్తున్నాయి, కానీ ఏది నిజంగా వచ్చిందో, ఏది తను ఊహించుకుంటోందో తెలియడం లేదు. లేని అక్రోటు తగిలితే ముక్కు పాడైనట్టు. ఉన్న అక్రోటే తగిలితే తను పోస్తూ వచ్చిన వైనే పాడైనట్టు. ఏది కోరుకోవాలో కూడా గిస్లేన్‌కి అర్థం కాలేదు.

మొగుణ్ణి కేకేసింది. ఆన్సెల్మ్ బూట్ల మట్టి గడప దగ్గర దులిపి దిగాడు. గాజు గొట్టంతో కాస్త వైన్ లాగి, గ్లాసులో పోసి, కళ్ళు మూసుకుని వాసన చూశాడు.

"నిమ్మ," అన్నాడు. "పూలు."

"ఏం పూలు?"

"పూలంటే... తెల్లవి."

"తెల్లవంటే? మల్లె కూడా తెల్లగానే ఉంటుంది, కాలీఫ్లవరూ తెల్లగానే ఉంటుంది."

"అబ్బ, గిస్లేన్! మంచి పూలే. బాగుంది. నువ్వు కంగారు పడకు."

అతను బాగుందన్నకొద్దీ ఆమెకి కంగారు పెరిగింది.

అంతలో నిచ్చెన అడగడానికి పక్కతోట లెయోన్స్ వచ్చాడు. డెబ్బై దాటినా, గ్లాసు కనబడితే మెట్లు గబగబా దిగే మనిషి. అడక్కుండానే గ్లాసు అందుకుని నోరంతా పుక్కిలించాడు.

"అక్రోటు! గట్టిగా అక్రోటు!"

గిస్లేన్ ఒక్క అంగలో దగ్గరికొచ్చింది. "నిజంగానా మావా?"

"నిజమే అమ్మాయ్, ఇదిగో, ఇప్పుడే..." అంటూ లెయోన్స్ నాలికతో పన్ను కెలుక్కుని, జేబులోంచి గుప్పెడు అక్రోటు పప్పు, చీజ్ ముక్క తీసి చూపించాడు. "ఓహో. ఇదేనేమో. నువ్వూ కాస్త తింటావా?"

"నిచ్చెన పెరట్లో ఉంది, తీసుకెళ్ళు మావా."

చివరికి మాత్యురీన్ దిగింది. గ్లాసు ముక్కు కింద పెట్టుకుని రెండుసార్లు వాసన చూసింది. ఆమె చూపు మేకుకి వేలాడుతున్న తాళంచెవి మీద ఒకసారి వాలి లేచింది.

"ముందు నువ్వు చెప్పు మరదలా. నీకేం వాసనొస్తోంది?"

గిస్లేన్ నోరు తెరిచింది. అక్రోటు అందామనుకుంది. తాళంచెవి కనబడింది.

"నిమ్మ," అంది.

"అలాగా," అంది మాత్యురీన్. "సరే అయితే. నాకూ నిమ్మే."

ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయింది. గిస్లేన్ అక్కడే పీపాకి ఆనుకుని నిలబడిపోయింది. అబద్ధమాడింది తను. మరి వదిన తనతో నిజంగా ఏకీభవించిందా, తన అబద్ధానికి వంత పాడిందా? అప్పుడు నిమ్మ ఎవరిది, అక్రోటు ఎవరిది?

శనివారం కాబట్టి చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మూలన బుట్ట అల్లిక తొడిగిన పెద్ద గాజు జాడీ దగ్గరికి వెళ్ళింది. పీపాలో వెలితికి పోసే వైన్ అందులోనే ఉంటుంది. రబ్బరు గొట్టం ఒక కొస జాడీ అడుగుదాకా దించి, రెండో కొస నోట పెట్టుకుని లాగింది. ఎప్పుడూ పీపాలోకి వదిలేసేదే. ఈసారి మనసు ఎక్కడో ఉండి, కాస్త ఎక్కువ లాగింది. వైన్ నోట్లోకొచ్చింది.

అక్రోటు! నాలిక మీద, ముక్కు వెనక, చెవుల దాకా అక్రోటు.

అల్లిక పైకి తప్పించి దీపం దగ్గర పెట్టి చూసింది. జాడీ సగానికి పైగా ఖాళీ. లోపల వైన్ మీద, చల్లారిన పాల మీద లాగా, ముడతలు పడ్డ తెల్లటి పొర.

"ఆన్సెల్మ్!" గోడలు అదిరాయి. "చిన్న సీసాలేవీ?"

జాడీ తగ్గుతున్నకొద్దీ మిగిలిన వైన్‌ని చిన్న సీసాల్లోకి మార్చి నిండుగా మూతపెట్టాలి. పీపాలోనే కాదు, జాడీలోనూ గాలికి చోటుండకూడదు. ఆ పద్ధతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆన్సెల్మ్ మెట్ల మీదే ఆగిపోయాడు.

"అవి నిరుడు వేసవిలోనే... మందుకి బదులు ద్రాక్ష ఆకు మీద చల్లడానికి వాటిల్లో దురదగొండి కషాయం పోశాను కదా. ఎన్నిసార్లు కడిగినా ఆ కంపు పోలేదు. నీకు జ్వరమొచ్చినప్పుడు పీపాకి వైన్ నేనే పోశాను. కొన్ని వారాలేగా, జాడీలోంచే పోస్తే ఏమవుతుందిలే అనుకున్నాను."

"నేను లేచాక చెప్పలేదేం?"

"మర్చిపోయా."

ఆమె కూడా అడగలేదు. జ్వరం తగ్గిన దగ్గర్నుంచి, ఎంతో శ్రద్ధగా, శనివారం శనివారం, గొట్టం పెట్టి ఆ పొర కింది వైన్‌నే పీపాలో పోసింది.

"ఇప్పుడు చెప్పు. ఇందాక నీకేం వాసనొచ్చింది?"

ఆన్సెల్మ్ టోపీ తీసి చేతిలో తిప్పాడు. "అక్రోటే."

"మరి తెల్ల పూలన్నావు?"

"నీ ముక్కు గురించి నువ్వు కుమిలిపోతుంటే ఏమనను? మార్చిలో సూపు మాడిపోతే ఘుమఘుమలాడుతోందన్నావు. అప్పుడూ ఔననే అన్నా."

"మార్చిలో నాకు ముక్కే లేదు కదయ్యా!"

"అందుకే అన్నా."

పైన మెట్ల మొదట్లో మాత్యురీన్ నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచో మరి.

"వదినా, నిమ్మ అని నీకు అబద్ధం చెప్పాను."

"ఇప్పుడు తెలిసింది. నాకూ అక్రోటే వచ్చింది. నువ్వేమంటావో చూద్దామనుకున్నా. నిమ్మ అన్నావు. దాంతో నా ముక్కు మీద నాకే అనుమానమొచ్చింది." ఆమె మేకు మీది తాళంచెవి తీసి, కాసేపు అరచేతిలో పెట్టుకుని, కిందికొచ్చి గిస్లేన్ చేతికిచ్చింది. "ముక్కుంది. ఇక నోరు సరిచేసుకో."

గిస్లేన్ ఫోన్ చేసి లారీ రావద్దంది. ఈ ఏడు తేట వైన్ లేదు. ముక్కు దొరికినందుకు నవ్వాలో, పీపా పోయినందుకు ఏడవాలో తెలియక, అలవాటుగా రబ్బరు గొట్టం అందుకుంది. చెయ్యి గాల్లోనే ఆగింది. గొట్టాన్ని తిరిగి మేకుకి తగిలించి, వెలితి అలాగే వదిలేసి బిరడా బిగించింది.

"పొయ్యవా?" అన్నాడు ఆన్సెల్మ్.

"పొర కట్టనీ. ఎదురింటివాళ్ళలా ఆరేళ్ళు చూద్దాం. మంచిదే అవుతుందో, వెనిగరే అవుతుందో."

"మంచిదే అవుతుంది."

ఆమె అతనివైపు చూసింది.

బయటికొచ్చారు. ఎండ, గాలి. గుమ్మం పక్కన లైలాక్ విరగబూసి ఉంది. ఆన్సెల్మ్ గుండెల నిండా పీల్చి, అలవాటు కొద్దీ ఆమె ఏమంటుందోనని చూశాడు.

"ఈసారి నువ్వే ముందు చెప్పు," అంది గిస్లేన్.

అతను పూల వైపు చూశాడు, పెరట్లో పీపాలో నానుతున్న ఈ ఏటి కషాయం వైపు చూశాడు.

"దురదగొండి," అన్నాడు. "కుళ్ళు కంపు."

"నాకూ," అంది గిస్లేన్.