మెడ మీది నలుపు

అక్క మెడ మీద పౌడరు మందంగా ఉంది. ఏమైందని అడిగితే గొలుసు ఒరుసుకుందంది. అమ్మ నమ్మేసింది. అమ్మకి అల్లుడు బంగారం. ఆ బంగారాన్ని నిప్పుల్లో పడేయాలని నాకెప్పుడూ ఉండేది. కానీ అక్కని ఆ ఇంట్లోంచి లాక్కుపోదామంటే, తనే నోరు విప్పదు.

బావ పల్లాడియం అనే లోహంతో ఫొటోలు అచ్చు వేస్తాడు. ఇనుప ద్రావణంలో పల్లాడియం కలిపి, కుంచెతో కాగితానికి పూసి, ఆరాక దాని మీద నెగెటివ్ పెట్టి దీపాల పెట్టెలోకి తోస్తాడు. అతని దగ్గర నాది పూత పని. ఆ రోజు ప్రదర్శన కోసం, పౌడరు పూసుకున్న మెడతోనే తీసిన అక్క ఫొటో వేస్తున్నాం. మొదటి అచ్చు మెత్తగా వచ్చింది, జుట్టంతా బూడిద రంగు.

“ఇది నలుపా? నీ మొహమా?” అంటూ గాజు కడ్డీ నా మీదికి విసిరాడు. అది నా చెవి పక్కనుంచి పోయి గోడకి తగిలి ముక్కలైంది. వెంటనే క్లోరేట్ సీసా అందుకున్నాడు. పూతలో అది పడితే నలుపు ముదురుతుంది, లేత రంగుల మధ్య తేడాలు తేటపడతాయి.

“బావా, అంత వద్దు. కంటికి ఆననివి కూడా పైకొస్తాయి.”

చెంప పగిలింది. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది.

“గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందట! నువ్వా నాకు చెప్పేది?”

తనే కలిపాడు, తనే పూశాడు. వెలుగు తగిలాక కాగితాన్ని ట్రేలో పెట్టి డెవలపర్ కుమ్మరించాడు. పల్లాడియం నాన్చదు, పోయగానే బొమ్మ వచ్చేస్తుంది. జుట్టు అతను కోరినంత నల్లగా వచ్చింది. మెడకి ఒక పక్క బొటనవేలు, మరో పక్క నాలుగు వేళ్లు కూడా వచ్చాయి.

అక్క గుమ్మంలో నిలబడి చూసింది.

“నీడ పడిందంతే,” అంటూ బావ దాన్ని చింపబోయాడు. అక్క అతని చెయ్యి పట్టుకుంది.

“చింపకు.”

అతను ఆమె మెడ దొరకబుచ్చుకుని గోడకేసి కొట్టాడు. వేళ్లు సరిగ్గా అచ్చులో ఉన్న చోటే పడ్డాయి. అక్క కాళ్లు నేల కోసం కొట్టుకున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. నెగెటివ్‌ని నొక్కిపెట్టే ఫ్రేములోంచి మందపాటి గాజుపలక లాగి, ఉన్న బలమంతా పెట్టి అతని నెత్తి మీద వేశాను. కూలబడ్డాక ఇంకోటి వేశాను. అబద్ధమెందుకు, హాయిగా అనిపించింది.

“పదక్కా, పోదాం!”

అక్క దగ్గుతూ లేచింది. తలుపు వైపు రాలేదు. నెత్తురు తొక్కుకుంటూ వెళ్లి, అచ్చు తీసి ఆసిడ్ నీళ్లలో వేసి, ట్రే మెల్లగా ఊపడం మొదలుపెట్టింది.

“నీకు మతి గానీ పోయిందా?”

“ఆగవే. ఇనుము కడగకపోతే పసుపెక్కి పాడైపోతుంది.” ట్రే ఊపడం ఆపకుండానే అంది. “అమ్మకి చూపించాలి.”

కింద బావ మూలుగుతూ చెయ్యి కదిపాడు. నేను పలక ఎత్తి పట్టుకుని, అక్క కడగడం అయ్యేదాకా అతని మీద నిలబడ్డాను.